పేరు కింది చోటు

హన్మంత్ టైపింగ్ షాపులో కూర్చోవడానికి ఉన్నది ఒక్కటే బెంచీ. ఆ శుక్రవారం పొద్దున దాని మీద, చనిపోయిన ధన్‌సింగ్ భార్యలిద్దరూ నడుమ ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చున్నారు. గోడ పక్కన పెద్దామె తుల్సీబాయి, తలుపు పక్కన చిన్నామె సంగీత. నడుమ జాగాలో సంగీత చేతిసంచీ ఉంది. దాన్ని అక్కడ పెట్టింది సంగీతే అయినా, తీయమని తుల్సీబాయి అనలేదు.

షాపు మహబూబాబాద్ కోర్టు ఎదురుగా ఉంటుంది. ధన్‌సింగ్ భూపాలపల్లి బొగ్గుబాయిలో ఇరవై ఆరేళ్లు పనిచేసి, కిడ్నీలు చెడిపోయి, దీపావళికి నాలుగు రోజుల ముందు పోయాడు. అతని ఉద్యోగం కూతురు హరితకు రావాలి. దానికి కావలసిన కాగితాలన్నీ హరిత ఒక్కతే తిరిగి సంపాదించుకుంది. మిగిలింది ఒక్కటి. ఇంట్లో ఎవరెవరున్నారు, ఎవరికి ఎవరేమవుతారు అని రాసి, భార్యలిద్దరూ నోటరీ వకీలు ముందు ఒప్పుకుని సంతకం పెట్టాల్సిన కాగితం. హరిత జనగామలో ప్రైవేటు దవాఖానలో నర్సు. సెలవు దొరకలేదు. వివరాలన్నీ హన్మంత్ ఫోనుకు పంపిస్తానని, ఇద్దరూ దగ్గరుండి టైపు చేయించమని చెప్పింది. వకీలు ఊళ్లో లేడు, సోమవారం వస్తాడు. అందుకని సంగీత భూపాలపల్లి నుంచి మూడు రోజుల బట్టలు సర్దుకుని వచ్చింది. ఆ మూడు రోజులూ తుల్సీబాయి ఇంట్లోనే ఉండాలి. ఆ సంచీలో ఉన్నవి ఆ బట్టలే.

తుల్సీబాయి బెంచీ మీద కుదురుగా కూర్చోలేకపోయింది. లేచి హన్మంత్ కుర్చీ వెనక నిలబడింది. ఆమెకు చదువు వచ్చు. వచ్చి నాలుగేళ్లే అయింది కాబట్టి ఎక్కడ అక్షరాలు కనిపించినా ఆమె కళ్లు ఆగేవి కావు. బస్సు బోర్డులు, సబ్బు కాగితాలు, గోడల మీది పార్టీ రాతలు, అన్నీ చదివేది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పుట్టుకురావడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

హన్మంత్ నలభై ఏళ్ల మనిషి. ఫోన్లో హరిత పంపిన ముక్క చదవడం, టైపు చేయడం, మళ్లీ ఫోను మోగితే చదవడం. ముందు ధన్‌సింగ్ పేరు, భూపాలపల్లిలో క్వార్టర్ నంబరు కొట్టాడు. తర్వాత ఒక మీట నొక్కాడు. కింద కొత్త లైను మొదలైంది. ఇంకో మీట నొక్కాడు. మిణుకుమిణుకుమనే చిన్న నిలువు గీత లోపలికి జరిగింది. దాని ముందు ఒక నల్ల చుక్క పడింది. ఆ చుక్క పక్కన 'తుల్సీబాయి, భార్య' అని కొట్టాడు.

తన పేరు అట్లా పెద్దగా, నల్లగా తెర మీద కనిపించేసరికి ఆమెకు నోరు ఊరుకోలేదు. ఆ గీత అంచు దగ్గరికి పోకుండా లోపలికి ఎందుకు జరిగింది నాయినా అని అడిగింది.

హన్మంత్‌ను ఇట్లాంటి ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు. పని ఆపి చెప్పాడు.

"గిది ఎంటర్ అవ్వా. కొత్త లైన్ కావాలంటే గిది కొట్టాలె. పై లైన్ యాడ మొదలైతదో కింది లైన్ గూడ ఆన్నే మొదలైతది. మనం చెప్పకున్నా దానికి యాదికుంటది. గిది ట్యాబ్. ఒక మెట్టు లోపలికి తోస్తది. ఎవరికన్న కడుపున పుట్టినోళ్లుంటే ఒక మెట్టు లోపలికి రాస్తం. మళ్ల బయటికి రావాలంటే షిఫ్ట్ పట్టుకుని గదే ట్యాబ్ కొట్టాలె."

"మనం బయటికి రమ్మనేదాకా రాదన్నట్టు."

"రాదు. లోపల్నే ఉంటది."

తర్వాత ఆమె చిరునామా రాయాల్సి వచ్చింది. భర్త చిరునామా భూపాలపల్లి. ఆమెది కొత్తగూడ మండలం, మొర్రిగుట్ట తండా. అది వేరే కాబట్టి వేరే లైను కావాలి. హన్మంత్ ఎంటర్ కొట్టి, ట్యాబ్ కొట్టి, ఆమె పేరుకు ఒక మెట్టు లోపల తండా పేరు కొట్టాడు. అంతలో ఫోను మోగింది. హరిత తన వివరాలు పంపింది. అమ్మ ఆధార్ వెతుకుతున్నాను, ఒక్క నిమిషంలో పంపిస్తానని రాసింది. హన్మంత్ ఎంటర్ కొట్టాడు. గీత తండా పేరు కిందనే, అదే లోపలి మెట్టు మీద ఆగింది. అక్కడే 'హరిత, కూతురు, వయసు 24' అని కొట్టేశాడు. తర్వాత సంగీత వివరాలు వచ్చాయి. ఆమె భార్య అని చూసి షిఫ్ట్ పట్టి ట్యాబ్ కొట్టి గీతను బయటి మెట్టుకు తెచ్చాడు. 'సంగీత, భార్య, పై చిరునామా.' ఆమె భర్తతో కలిసి ఉన్నదే కాబట్టి ఆమెకు రెండో లైను అక్కర్లేకపోయింది.

తుల్సీబాయి తెరను పై నుంచి కిందికి చదివింది. మళ్లీ చదివింది. తన పేరు. దాని లోపల తండా. దాని కింద, తన పేరు నీడలో, హరిత. అందరికన్నా అడుగున సంగీత. ఆమె కింద ఏమీ లేదు.

హరితను కన్నది సంగీత.

"సరిగ్గనే ఉన్నదా అవ్వా? ప్రింట్ కొట్టన్నా?" అని హన్మంత్ అడిగాడు.

"సరిగ్గనే వచ్చిందా అక్కా?" అని బెంచీ మీది నుంచి సంగీత కూడా అడిగింది. ఆమెకు అక్షరం ముక్క రాదు.

తుల్సీబాయి తెర మీది నుంచి చూపు తిప్పలేదు. "వచ్చింది," అన్నది.

*

పెళ్లయిన పన్నెండేళ్లకు కూడా తుల్సీబాయి కడుపు పండలేదు. పెద్ద భార్య ఒప్పుకుంటేనే ఆ తండాలో రెండో పెళ్లి. తండా పెద్ద నాయక్ చందూలాల్ అందరినీ కూర్చోబెట్టి అడిగితే, ఒప్పుకుంటున్నానని ఆమె తన నోటితోనే చెప్పింది. పిల్లను చూసింది కూడా తనే. జనగామ పక్క తండాలో, తనకు దూరపు చెల్లెలి వరసయ్యే పిల్ల, బక్కగా, నెమ్మదిగా ఉంటుంది, మాట వింటుంది అనుకుని తెచ్చింది. ఏడాది తిరక్కుండా హరిత పుట్టింది.

అప్పుడే ధన్‌సింగ్‌కు భూపాలపల్లిలో క్వార్టర్ వచ్చింది. వండిపెట్టడానికి ఒకరు పోవాలి. పిల్లను తీసుకుని సంగీత పోయింది. ఆ బొగ్గు దుమ్ముకు పిల్లకు ఎగపోత మొదలైంది. ఎనిమిదో నెలలో తుల్సీబాయి పోయి చూస్తే పిల్ల ఛాతీ పిల్లిలాగా గురక పెడుతోంది. నువ్వు ఉండు, బిడ్డను నాకియ్యి అన్నది ఆమె. సంగీత ఏడ్చింది గానీ కాదనలేదు. ఆ రోజు బస్సులో పిల్లను ఒళ్లో వేసుకుని వస్తుంటే తుల్సీబాయికి తనే గెలిచినట్టు అనిపించింది.

పైకి చూస్తే పంపకం సమానంగానే ఉంది. ఒకరికి మగడు, ఒకరికి బిడ్డ. కానీ ధన్‌సింగ్ నెలకోసారి తండాకు వచ్చి తింటున్నప్పుడు, సంగీత పప్పులో చింతపండు తక్కువ వేస్తుంది, అట్లయితేనే నాకు పడుతుంది అనేవాడు. తుల్సీబాయి ఆ రోజు నుంచి చింతపండు ఇంకో పిడికెడు ఎక్కువే వేసింది. క్వార్టర్లో నల్లా ఉందని, ఫ్యాను ఉందని, సాయంత్రం ఇద్దరూ గడప మీద కూర్చుని టీ తాగుతారని చూసొచ్చినవాళ్లు చెప్పేవాళ్లు. ఆ గడప ఆమె కళ్ల ముందు నుంచి పోయేది కాదు. సెలవుల్లో సంగీత తండాకు వచ్చి హరిత జుట్టు దువ్వుతుంటే, ఆ పాపిట వంకరగా ఉందని లాక్కుని మళ్లీ దువ్వేది. హరిత తుల్సీబాయిని యాడి అని పిలిచేది, వాళ్ల భాషలో తల్లిని పిలిచే పిలుపు. సంగీతను క్వార్టర్ల పిల్లల్లాగా అమ్మ అనేది. రెండూ తల్లే. ఆ రెండో పిలుపు కూడా లేకుండా ఉంటే బాగుండునని తుల్సీబాయి ఎన్నోసార్లు అనుకుంది.

ఆమె చదువు నేర్చింది యాభై రెండో ఏట, అంగన్‌వాడీ గదిలో సాయంత్రం పూట పెద్దవాళ్లకు చెప్పే తరగతిలో. హరిత పలక కొనిచ్చింది. చదవడం వచ్చాక ఒక మధ్యాహ్నం ఇంట్లోని రేకు పెట్టె తెరిచి లోపలున్న కాగితాలన్నీ ఒక్కొక్కటే చదవసాగింది. కరెంటు బిల్లు, మందుల చీటీ, రేషను కాగితం. అడుగున హరిత ఐదో తరగతి టీసీ ఉంది. ఆ కాగితం ఆమెకు బాగా గుర్తు. గూడూరు హాస్టల్లో పిల్లను చేర్చేటప్పుడు వాన పడుతుంటే, తను తడిసినా ఆ కాగితం తడవకుండా ప్లాస్టిక్ కవరులో పెట్టి రవిక లోపల దాచుకుని నడిచింది. ఇప్పుడు దాన్ని కూడబలుక్కుంటూ చదివింది. తండ్రి పేరు ధన్‌సింగ్. తల్లి పేరు సంగీత.

ఆ రోజు వానలో ఆ పేరును గుండె మీద మోసుకు నడిచింది తను. ఎవరికీ చెప్పలేదు. పెట్టెలో మళ్లీ అడుగునే పెట్టింది. చదువు రాకముందు ఆ పెట్టె తేలికగా ఉండేది.

ఇప్పుడు, హన్మంత్ అచ్చు వేసి ఇచ్చిన కాగితంలో, ఎవరూ అడక్కుండా, ఎవరినీ బతిమాలకుండా, ఒక మీట తప్పుగా కొట్టినందువల్ల హరిత తన పేరు కింద కూర్చుంది. షేర్ ఆటోలో తండాకు పోతూ తుల్సీబాయి ఆ కాగితాన్ని మూడుసార్లు విప్పి చూసింది. పక్కన సంగీత రెండో ప్రతిని మడతపెట్టి సంచీలో బట్టల నడుమ దాచుకుంది.

*

శనివారం ఇద్దరూ పందిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమెలు తీస్తున్నారు. పంట పక్కింటి లక్ష్మణ్‌ది. ఘాటుకు ఇద్దరికీ తుమ్ములొస్తున్నాయి. చాలాసేపటికి సంగీత చేతులు కడుక్కుని లోపలికి పోయి తన కాగితం తెచ్చుకుంది. మోకాళ్ల మీద పరచి, తన పేరు ఎక్కడుందో చూపమని అడిగింది. తుల్సీబాయి తొడిమె తీస్తూనే, మిరపకాయ కొసతో అడుగు లైను చూపించింది.

సంగీత దాన్ని వేలితో తడిమింది. తర్వాత తుల్సీబాయి పేరు ఏదని అడిగి, దాన్నీ తడిమింది. ఆమె పెళ్లికి ముందు బట్టల మీద అద్దాలు కుట్టే పని చేసేది. ఏ అద్దం ఏ కుట్టు నుంచి వేలాడుతుందో, ఏ గవ్వ ఏ దారానిదో చూడగానే చెప్పగలదు.

"అక్కా, నీ పేరు కింద లోపలికి రెండు చుక్కలున్నయి," అన్నది. "నా కింద ఏం లేదేంది?"

తుల్సీబాయి చేతిలోని కాయ తొడిమెతో పాటు చీలిపోయింది. గింజలు ఒళ్లో పడ్డాయి. ఇన్నేళ్లకు కష్టపడి తను నేర్చిన చదువును, చదువు రాని ఈ మనిషి వేలితో తడిమి దాటేసింది. అక్షరాలు చదవలేదు గానీ, ఖాళీని చదివింది.

"నువ్వు ఎన్కొచ్చినవు గద," అన్నది తుల్సీబాయి. "ఎన్కొచ్చినోళ్ల పేరు ఆఖర్ల రాస్తరు. ఆఖరి పేరు కింద ఏముంటది?"

సంగీత తల ఊపింది. కాగితాన్ని మాత్రం మడవలేదు. తుల్సీబాయి పేరు కిందున్న రెండో చుక్క మీద వేలు పెట్టి, దాని పక్కనున్న మూడు అక్షరాల మీద అటూ ఇటూ నడిపించింది. ఆమె మొహంలో ఏముందో చూడటం ఇష్టం లేక తుల్సీబాయి కళ్లు తుడుచుకుంటున్నట్టు కొంగు అడ్డం పెట్టుకుంది. మిరపకాయల చేయి కంటికి తగిలి నిజంగానే మండింది.

ఆదివారం మధ్యాహ్నం జనగామ నుంచి హరిత ఫోను చేసింది. డ్యూటీ మధ్యలో చేస్తున్నట్టుంది, తొందర తొందరగా మాట్లాడింది. ఎవరో తెలిసినవాళ్లు చెప్పారట, కాగితాలన్నిటిలో తల్లి పేరు ఒకటే ఉండాలట, ఒకదానికొకటి కలవకపోతే తిప్పి పంపుతారట, అట్లా తిప్పి పంపిన ఒకమ్మాయి రెండేళ్ల నుంచి తిరుగుతోందట. గడువు ఇంకా పది రోజులే ఉందట.

"హన్మంతన్న పని మీద నాకు నమ్మకం లేదు యాడి. నువ్వు చదివినవా?"

"చదివిన."

"మొత్తం చదివినవా?"

"మొత్తం చదివిన."

"అయితే ఇంకేంది. నువ్వు చూస్తే నాకు పరేషాన్ లేదు," అని నవ్వి పెట్టేసింది.

ఫోను చల్లబడేదాకా తుల్సీబాయి దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చుంది. తప్పు అని తెలుసు. తిప్పి పంపుతారని కూడా ఇప్పుడు తెలిసింది. అయినా ఆమె మనసు దారులు వెతకసాగింది. తిప్పి పంపినప్పుడు చూసుకోవచ్చు. టీసీనే మార్పించవచ్చు. ఐదో తరగతి టీసీ ఎవరు చూస్తారు. అన్నీ అబద్ధాలని తెలిసే అనుకుంది. ఆ కాగితం ఇంకొన్నాళ్లు అట్లాగే ఉంటే చాలు అనిపించింది. ఒక్క కాగితం. అన్నిట్లో ఉన్న పేరు సంగీతదే కదా. రేషను కాగితంలో, పాస్‌బుక్కులో, టీసీలో, ఆఖరికి దవాఖానలో ధన్‌సింగ్ కళ్లు మూసేటప్పుడు పక్కనున్న మనిషి అని రాసిన రిజిస్టర్లో కూడా.

*

సోమవారం షాపు తెరవకముందే చేరుకున్నారు. హన్మంత్ ఇంకా రాలేదు. మెట్టు మీద కూర్చున్నారు. ఈసారి సంగీత సంచీని ఒళ్లో పెట్టుకుంది.

కోర్టు గేటు తెరుస్తున్న చప్పుడు వినిపించింది. అప్పుడు సంగీత, ఎదురుగా చూస్తూనే, మెల్లగా మాట్లాడింది.

"నీ కింద ఉన్నది హరితనే గదక్కా."

తుల్సీబాయి కొంగు సర్దుకుంది.

"అట్లనే ఉండనీ. నా దగ్గర ఎనిమిది నెలలున్నది. నీ దగ్గర పదహారేండ్లున్నది. ఎగపోత వస్తే ఎత్తుకుని తిరిగింది నువ్వు. నేనేం అననక్కా. నేనే ఇస్తున్న అనుకో."

ఆ ఆఖరి మాట దగ్గర తుల్సీబాయికి ఒళ్లంతా కారం రాసినట్టయింది.

ఆమె అప్పటిదాకా దొంగతనం చేశాననుకుంది. దొంగిలించింది తన దగ్గరుందన్న తృప్తి అయినా మిగిలింది. ఇప్పుడు అదీ పోయింది. ఇస్తున్న అంటోంది. ఇవ్వడానికి తన దగ్గర ఉంది కాబట్టి ఇస్తోంది. ఆనాడు బస్సెక్కేటప్పుడు కూడా ఇచ్చిందే, తను గెలుచుకున్నదేం కాదు. ఈ బక్కపలుచని మనిషికి మగడు దొరికాడు, కడుపు పండింది, ఇప్పుడు పెద్దమనసు కూడా దీనికే వచ్చింది. ఆ మనసు తనకెందుకు రాలేదు? ఈమె దయతలచి పెట్టిన చోట హరిత ఉంటే, ఆ కాగితం విప్పినప్పుడల్లా కనిపించేది హరిత కాదు, ఈ మాట.

"నువ్వు ఇచ్చుడేంది?" అన్నది తుల్సీబాయి. "ఎవరు అడిగిన్రు నిన్ను?"

సంగీత బిత్తరపోయి చూసింది. అంతలో హన్మంత్ బండి వచ్చి ఆగింది.

షట్టరు లేచీ లేవకముందే తుల్సీబాయి లోపలికి నడిచింది. కాగితంలో తప్పు పడింది, దిద్దాలి అన్నది. హన్మంత్ కంప్యూటర్ ఆన్ చేసి, కాగితం తెరిచి, ఎక్కడ అని అడిగాడు. హరిత లైను మీద వేలు పెట్టి, ఈ పిల్లను కన్నది నేను కాదు, ఆమె అని చెప్పింది. ఆ మాట పరాయి మనిషి ముందు పైకి అనడం అదే మొదటిసారి. అనుకున్నంత కష్టం కాలేదు. గొంతు మాత్రం కొంచెం గట్టిగా వచ్చింది.

హన్మంత్ నెత్తి గోక్కున్నాడు. తన పొరపాటు ఎక్కడ జరిగిందో అతనికి వెంటనే తెలిసిపోయింది. చిరునామా రాసేటప్పుడు ఉత్త ఎంటర్ కొట్టాడు, అక్కడ షిఫ్ట్ పట్టుకుని ఎంటర్ కొట్టాల్సింది. అదే మనిషి గురించి ఇంకో ముక్క రాయాలంటే షిఫ్ట్‌తో ఎంటర్. అప్పుడు కొత్త చుక్క పడదు, మెట్టు మారదు. వేరే మనిషిని రాయాలంటేనే ఉత్త ఎంటర్. ఉత్త ఎంటర్ కొట్టి, ట్యాబ్‌తో లోపలికి తోసేసరికి తండా పేరు కూడా ఒక మనిషి అయి కూర్చుంది, దాని పక్కనే హరిత చేరింది.

"శుక్రవారమే చెప్తే అయిపోవు గదవ్వా. నువ్వు చదివినవు గద. చూళ్లేదా?"

"చూసిన," అన్నది తుల్సీబాయి. "చెప్పలే."

వెనక నిలబడ్డ సంగీత ఒక అడుగు ముందుకేసింది. హన్మంత్ ఒకసారి ఇద్దరినీ చూసి, ఇంకేమీ అడక్కుండా తెర వైపు తిరిగాడు. తండా పేరు ముందున్న చుక్క తీసేసి, ఆ ముక్కను ఆమె పేరు పక్కకే అతికించాడు. హరిత లైనును నల్లగా పట్టి కత్తిరించాడు. లైను మాయమైంది.

తుల్సీబాయి ఆ చోటునే చూస్తోంది. అక్కడ కొంచెంసేపైనా ఖాళీ మిగులుతుందనుకుంది. మిగల్లేదు. లైను పోగానే కిందున్న సంగీత పేరు చటుక్కున పైకి జరిగి తన పేరుకు ఆనుకుంది. ఎన్నడూ ఎవరూ అక్కడ లేనట్టే అయింది.

"ఇప్పుడు ఈమె పేరు చివర పెట్టి ఎంటర్ కొట్టి..." అంటూ హన్మంత్ చేయి చాపాడు.

"నేను కొడత," అన్నది తుల్సీబాయి.

హన్మంత్ కుర్చీ వెనక్కి లాగాడు. ఆమె నిలబడే వంగి, చూపుడువేలితో ఎంటర్ కొట్టింది. గీత కిందికి దిగి, సంగీత పేరు ఎక్కడ మొదలైందో సరిగ్గా దాని కిందే ఆగింది. భార్యల వరస అది. చుక్క కూడా పడింది. అక్కడ పెడితే హరిత కూతురు కాదు, మూడో పెళ్లాం అవుతుందని హన్మంత్ నవ్వాడు. ఎవరూ నవ్వలేదు. ట్యాబ్ ఎక్కడుందో ఆమెకు శుక్రవారం నుంచే తెలుసు. నొక్కింది. గీత ఒక మెట్టు లోపలికి పోయింది. హన్మంత్ కత్తిరించిన లైనును తెచ్చి అక్కడ దించాడు. హరిత సంగీత కింద కూర్చుంది.

కొత్త కాగితం ప్రింటర్లో నుంచి వేడిగా వచ్చింది. సంగీత దాన్ని తీసుకుని వేలితో తడిమింది. తన పేరు ఇప్పుడు ఆమెకు గుర్తే. దాని కింద లోపలికున్న చుక్క మీద వేలు ఆగింది. తర్వాత పైకి పోయి తుల్సీబాయి పేరు దగ్గర ఆగింది.

"ఇప్పుడు నీ కింద చుక్క లేదు గదక్కా."

"ఎందుకు లేదు?" అన్నది తుల్సీబాయి. "చూడు. నా కింద నువ్వున్నవు."

సంగీత మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత కాగితం చూసింది. నిజమే, తుల్సీబాయి పేరు కిందనే తన పేరు ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో తుల్సీబాయి పట్టించుకోలేదు. పదకొండింటికి వకీలు లేచి పోతాడట, నడువు అన్నది.

వకీలు గదిలో సాక్షిగా చందూలాల్ ముందే వచ్చి కూర్చున్నాడు. సంతకాల చోటు చూపించారు. సంగీత ఎడమ బొటనవేలు నీలం సిరా మెత్త మీద అద్ది, కాగితం మీద ఒత్తింది. ఎర్రగా పండిన మిరపకాయల మరక ఇంకా పోలేదు ఆ వేలికి. తుల్సీబాయి పెన్ను తీసుకుంది. 'తు' ఎడం వైపు అంచు నుంచి మొదలుపెట్టి, తల ఎత్తకుండా, ఒత్తు దగ్గర ఊపిరి బిగబట్టి తన పేరు మొత్తం రాసింది. ఆఖరి అక్షరం పూర్తయ్యాక తలెత్తితే సంగీత చూపు కాగితం మీద లేదు. పెన్ను పట్టుకున్న చేతి మీద ఉంది.

ఆ చూపు తుల్సీబాయికి కొత్త కాదు. ఇరవై నాలుగేళ్లుగా ఆ చూపుతో చూసింది తనే. ఆ కళ్లు ఇంకొకరి మొహంలో కనిపించడం మాత్రం ఇదే మొదటిసారి.

బయటికి వచ్చి బస్టాండు వైపు నడుస్తున్నారు. సంగీత వరంగల్ బస్సెక్కి, అక్కడ భూపాలపల్లి బస్సుకు మారాలి. మెత్త సిరా అంటిన వేలిని కొంగుకు తుడుస్తూ తుడుస్తూ, ఎంతకీ పోక, చివరికి అడిగింది.

"నాకు గూడ నేర్పుతవా అక్కా? పేరు రాసుడు వస్తే చాలు."

తుల్సీబాయికి మగడు, క్వార్టర్, గడప, హరిత, ఇప్పుడు దిద్దిన కాగితం, అన్నీ వరసగా గుర్తొచ్చాయి. తన పేరు తను రాసుకోవడం ఒక్కటే ఈ మనిషి దగ్గర లేనిది.

వరంగల్ బస్సు వచ్చి ఆగింది. సంగీత సంచీ అందుకుని ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఇంకా జవాబు కోసమే చూస్తోంది.

"చూద్దాం తియ్యి," అన్నది తుల్సీబాయి. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడింది.